ఉల్టా అంటే ఎటు, బావా?

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే అక్క ఫోన్ చేసింది. "మీ బావ లేస్తలేడురా" అంది. తిన్నాక సోఫాలో ఒరగడం, ఎవరు లేపినా లేవకపోవడం మా బావకు కొత్తేమీ కాదు. "నీళ్లు సల్లు" అన్నాను. "సల్లిన" అంది. "అట్లయితే చెంబుతోటి గుమ్మరియ్యి" అని నవ్వాను కూడా. అక్క మొద్దు పిల్లాడికి లెక్క చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి, "లేస్తలేడు అంటున్న గదరా" అంది. అప్పటికి గాని నా బుర్రకు ఎక్కలేదు.

నేను నాచారం చేరేసరికి వీధి చివరి క్లినిక్ డాక్టర్ వచ్చి చూసి వెళ్లిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిందన్నాడట. బావ సోఫాలో ఎప్పటిలాగే పడుకుని ఉన్నాడు. లేస్తే తాగుతాడని అక్క పెట్టిన టీ టీపాయ్ మీద చల్లారి మీగడ కట్టింది. ఎవరికి ముందు చెప్పాలో, ముందు ఏడవాలో ఫోన్లు చేయాలో తెలియని ఆ గందరగోళంలో నేను చేసిన మొదటి పని ఫ్యాన్ స్పీడు తగ్గించడం. ఎందుకు తగ్గించానో ఇప్పటికీ తెలియదు.

ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆయన మీకు తెలిసే అవకాశం కూడా తక్కువ. కానీ యూట్యూబ్‌లో పాటలు తిప్పుతూ తిప్పుతూ, ఉప్పల్ స్కైవాక్ కింద ఎర్రచీరలో నడుస్తున్న ఒకామె, ఆటో ఒకటి అడ్డం రాగానే ఆకుపచ్చ చీరలో నాచారం గల్లీలో తేలడం మీరెప్పుడైనా చూసి ఉంటే, చూసి 'ఇదేందిరా' అనుకుని ఉంటే, అది మా బావ పనే. చీర మార్చుకున్న ఆమె మా అక్క. ఆ రెండో చీర మడత నలగకుండా చేతుల మీద మోస్తూ కెమెరా వెనక నిలబడ్డవాణ్ని నేను.

నేను పోచారంలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. తప్పులు పట్టడమే నా బతుకు. ప్రతిదానికీ పక్కన పాస్ అనో ఫెయిల్ అనో రాయకపోతే నాకు అన్నం సహించదు. మా బావ ఆ రెండు గడుల్లో ఏ ఒక్కదానికీ దొరకలేదు. ఆయన పోయాక నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే, ఇప్పటికీ ఏ గడిలో పెట్టాలో తెలియడం లేదు.

మొదట్లో ఆయన నాచారంలో ఒక కార్ఖానాలో పనిచేసేవాడు. అది మూతపడ్డాక పెళ్లిళ్లకు వీడియోలు తీశాడు. పెళ్లికొడుకునూ పెళ్లికూతురినీ గులాబీలో పెట్టాడు, చందమామలో పెట్టాడు, ఒక అంబర్‌పేట్ పెళ్లిలో అయితే ఏకంగా సోడా గ్లాసులో పెట్టాడు. బుడగలతో పాటు ఇద్దరూ పైకి తేలుతుంటారు. పెళ్లికూతురి తండ్రి వచ్చి, "నా బిడ్డ సోడాల ఎందుకున్నది సార్?" అని అడిగితే, "పొంగుతున్నరు గద, గందుకు" అన్నాడు. ఆ తండ్రి టీ తాగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత బావకు పెళ్లిళ్ల మీద మనసు పోయి, పాటల మీదికి మళ్లింది. మా అక్క బతుకమ్మ దగ్గర గొంతెత్తితే పక్క కాలనీ వాళ్లు కూడా వచ్చేవాళ్లు. ఇంట్లోనే గాయని ఉండగా బయటికెందుకని అక్కతో పాడించి, అక్కనే నటింపజేసి, వీడియోలు తీసి పెట్టడం మొదలుపెట్టాడు. పాడేది అక్క, ఆడేది అక్క, షూటింగ్‌కు వచ్చినవాళ్లందరికీ టీ పెట్టేదీ అక్కే.

ఆయనకు కెమెరా చేతిలో లేకపోయినా ఒక కన్ను మూసి చూడటం అలవాటు. అన్నం ముందు కూర్చుని కూడా ఒక కన్ను మూసి పప్పు గిన్నె వైపు చూసేవాడు. "ఉప్పు తక్కువైందా?" అని అక్క అడిగితే, "కాదు, ఎలుతురు మంచిగ పడ్డది" అనేవాడు. టీ ఇస్తే కిటికీ దగ్గరికి తీసుకుపోయి, ఎండలో ఆవిరి లేచేది చూస్తూ నిలబడేవాడు. ఆవిరి అయిపోయాక ఆ చల్లటి టీ గటగటా తాగేసి, "మస్తున్నది" అనేవాడు. ఆ మెచ్చుకోలు టీకి కాదని అక్కకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇందాక చెప్పిన ఆటో సంగతి. దాన్ని ఆయన 'పర్దా' అనేవాడు. కెమెరాకు అడ్డంగా ఏదైనా వెళితే ఒక్క క్షణం తెర నిండిపోతుంది. ఆ క్షణంలో ఒక చోటు కోసేసి, ఇంకో చోట అలాంటి పర్దాయే వెళుతుండగా అతికిస్తే, చూసేవాడికి అతుకు కనపడదు. చెప్పడానికి ఇంతే. ఉప్పల్ చౌరస్తాలో మాకు ఒక్క ఆటో కావాలంటే పది వచ్చేవి. నాచారం గల్లీలో అదే రంగు ఆటో కోసం ఎండలో పొద్దంతా కాపు కాశాం. తీరా వచ్చినవాడు కెమెరాను చూసి బండి ఆపి, 'ఎటు పోవాలె అన్నా?' అన్నాడు. ఆగకుండా పోవాలని బతిమాలితే, గిరాకీ లేనిది ఎందుకు పోవాలని అలిగాడు. చివరికి నేనే ఎక్కి కూర్చున్నాను. ఆ పాటలో ఆటో వెనక సీట్లో ముఖం దాచుకుంటున్న మనిషిని నేనే.

పాట బయటికొచ్చాక కింది వాటాలో కిరాణా కొట్టు నడిపే పెద్దమ్మ మెట్లెక్కి పైకి వచ్చింది. "ఉప్పల్ల ఉన్న పిల్ల గంత జల్ది నాచారం ఎట్లచ్చింది? ట్రాఫిక్ లేకుండెనా?" అని నిలదీసింది. బావ మురిసిపోయాడు. ఆమె వెళ్లాక నేను, "నీ పాట ఎవలకూ అర్థమైతలేదు బావా" అన్నాను. "అర్థమైతే ఒక్కసారే సూస్తరు బామ్మర్దీ. కాకపోతే మల్లోసారి సూస్తరు" అన్నాడు. ఆ మాట ఆయన చాలాసార్లు అన్నాడు. ఆయన పాటలకు వచ్చిన వ్యూస్‌లో సగం పెద్దమ్మవే అయి ఉంటాయని నా అనుమానం.

ఇంకో పాటలో అక్క చున్నీ గాలిలో మెల్లగా, నీళ్లలో తేలినట్టు తేలుతుంది. జుట్టూ మెల్లగానే ఊగుతుంది. పెదవులు మాత్రం పాటకు సరిగ్గా కలుస్తాయి. అది ఎలా వచ్చిందో చూస్తే నవ్వు ఆగదు. మేడ మీద పాటను రెట్టింపు వేగంతో పెట్టేవాడు. స్పీకర్లోంచి అక్క గొంతు ఎలుక కీచుమన్నట్టు వచ్చేది. ఆ వేగానికి తగ్గట్టు అక్క పెదవులాడిస్తూ, ముఖంలో మాత్రం విరహం చూపించాలి. తర్వాత దాన్ని నిదానం చేస్తే పాట మామూలు వేగానికి వస్తుంది, లోకం మెల్లబడుతుంది. "పెదాలు ఉరకాలె, కండ్లు కూసోవాలె" అని బావ అరిచేవాడు. అక్క దవడలు పట్టేసి రెండు రోజులు మెత్తటి అన్నమే తింది. ఆ షాట్ చూసినప్పుడు మాత్రం, రోజూ కుక్కర్ ముందు కనిపించే మా అక్క ఇంత బాగుంటుందా అని నేను నోరెళ్లబెట్టాను. బావ నా ముఖం చూసి ఒక కన్ను మూశాడు.

ఉప్పల్ మెట్రో స్తంభాల కింద, వాన వెలిసిన సాయంత్రంలా కనపడేటట్టు తీసిన ముక్క ఒకటుంది. రోడ్డంతా చెరువులా, స్తంభాలు తలకిందులుగా నీళ్లలో కనపడతాయి. నిజానికి అక్కడ పుడిసెడు నీళ్లు కూడా లేవు. నా ఫోన్‌ను పడుకోబెట్టి కెమెరా కంటికి ఆనించి పట్టుకుంటే, దాని నల్లటి అద్దంలో పైన ఉన్నదంతా కింద కనపడి, చూసేవాడికి నీళ్లనిపిస్తుంది. సరిగ్గా అక్క కెమెరా వైపు తిరిగిన క్షణంలో మా మేనేజర్ ఫోన్ చేశాడు. ఆ చెరువంతా ఒక్కసారి భగ్గున వెలిగింది. బావ ఆ ముక్క తీసేయలేదు. 'మెరుపు ఎఫెక్ట్ సూపర్ అన్నా' అని కింద ఎవరో రాశారు. ఆ మెరుపు మా మేనేజర్ అని వాళ్లకేం తెలుసు.

నేను తప్పులు పట్టకుండా ఊరుకునేవాణ్ని కాదు. ఒక పాటలో అక్క వాచీ కుడిచేతికి మారింది, వెనక షాపు బోర్డు మీద అక్షరాలన్నీ తిరగబడ్డాయి. షాట్‌ను అద్దంలోలా తిప్పేశాడన్నమాట. "బావా, బోర్డు ఉల్టా ఉన్నది" అన్నాను. "పొద్దున అద్దంల నీ మొఖం గట్లనే ఉంటది గద, అద్దానికి కంప్లైంటు ఇచ్చినవా?" అన్నాడు. "ఎందుకు తిప్పినవో చెప్పు." "ఎడమ దిక్కు నుంచి వస్తే నీ అక్క కొత్తగ కనవడ్డది." ఇదీ సమాధానం. ఇలాంటి సమాధానాన్ని పాస్ చేయాలా, ఫెయిల్ చేయాలా?

ఇక చివరి పాట. దీని దగ్గరికి వచ్చేసరికే నాకు అంతా అయోమయం.

ఈసారి ఆయనకు ఉల్టా పిచ్చి పట్టింది. అక్క గల్లీలో వెనక్కి నడుస్తుంది, చుట్టూ జనం మామూలుగా నడుస్తారు. తీసినదాన్ని తర్వాత చివర్నుంచి మొదటికి తిప్పితే, అక్క మామూలుగా ముందుకు వస్తుంటుంది, లోకమంతా వెనక్కి పోతుంటుంది. బాగానే ఉంది. కానీ అక్క పాడుతూ నడవాలి. తిప్పినప్పుడు పెదవులు కలవాలంటే పాటను కూడా ఉల్టాగా పాడాలి. 'రావా రావా మా గల్లీకి' అన్నది పల్లవి. బావ దాన్ని రికార్డు చేసి, కంప్యూటర్లో తిప్పి, వచ్చిన శబ్దాన్ని అక్కకు వినిపించాడు. 'ఇకీల్లగామ్ ఆవార్ ఆవార్' అని వచ్చింది. అక్క దాన్ని కూర తరుగుతూ, బట్టలు ఆరేస్తూ, గల్లీలో వెనక్కి నడుస్తూ వల్లె వేసింది.

పెద్దమ్మ మూడురోజులు ఓపిక పట్టింది. నాలుగోరోజు ఊదు పొగ వేసిన పళ్లెం పట్టుకుని పైకి వచ్చి, అక్క తల చుట్టూ తిప్పి, "బిడ్డా, ఎవలన్న ఏమన్న చేసిన్రా? జర చెప్పు, ఫికర్ చెయ్యకు" అంది. బావ నవ్వాపుకుని ఫోన్లో అక్క పాడిన ఉల్టా పాటను తిప్పి వినిపించాడు. 'రావా రావా' అని, కొంచెం విదేశీ యాసతో, పాట వచ్చింది. పెద్దమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత కాస్త ఆలోచించి, "మరి సీదనే పాడొచ్చు గద?" అంది. నేను పెద్దమ్మ పక్షమే. అప్పుడూ ఇప్పుడూ.

పాట అంతా అలా తీసేశాడు. ఆఖరి షాట్‌లో మాత్రం పాట లేదు, ఉత్త వాయిద్యం. అక్క ఏమీ పాడకుండా కెమెరా వైపు చూస్తూ గల్లీలో నడవాలి, అంతే. ఆయన పోయిన ఆ ఆదివారమే, ఉదయం కాలనీ వాళ్లందరినీ పిలిచాడు. పాల ప్యాకెట్లతో పెద్దమ్మ, కూరగాయల సంచులతో ఇంకొందరు. మధ్యలో ఆయనకు ఏం తోచిందో, "గిప్పుడు ఉల్టా!" అని అరిచాడు. సగం మంది ఉల్టా అంటే వెనక్కి నడవడం అనుకుని, ముఖం ఎటుందో అటే ఉంచి వెనక్కి అడుగులు వేశారు. మిగతా సగం ఉల్టా అంటే వెనక్కి తిరిగి పోవడం అనుకుని, చక్కగా అటు తిరిగి నడిచారు. గుమ్మడికాయ మోస్తున్నాయన పెద్దమ్మను గుద్దుకున్నాడు. బావ ఆపలేదు. అలాగే తీశాడు. నేను ఆ రోజు ఆఫీసు పని మీద పోయి అక్కడ లేను, అవన్నీ తర్వాత విన్నాను.

ఆ షాట్‌ను పాటలో అతికించకుండానే బావ వెళ్లిపోయాడు.

దినాలు అయ్యాక అక్క నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. పాటంతా ఉంది, చివర మాత్రం నల్లటి ఖాళీ. పక్కన రెండు ఫైళ్లు ఉన్నాయి. ఒకదాని పేరు 'ఉల్టా ఫైనల్'. ఇంకోదాని పేరు 'సీదా ఫైనల్'. రెండూ ఒకటే షాట్. ఒకదానిలో అక్క మన వైపు చూస్తూ గల్లీ లోపల్నుంచి దగ్గరికి వస్తుంది. ఇంకోదానిలో మన వైపు చూస్తూనే వెనక్కి వెనక్కి దూరం పోతుంది. రెంటికీ శబ్దం లేదు. పాటంతా తిప్పినదే కాబట్టి, ఇందులో ఏది తీసినదో ఏది తిప్పినదో పోల్చుకుందామంటే, ఎటు తిప్పినా చుట్టూ ఉన్న జనంలో సగం సరిగ్గా నడుస్తారు, సగం వెనక్కి నడుస్తారు. అక్క నడక చూసి చెప్పొచ్చు కదా అంటారేమో. ఆ పాట కోసం వెనక్కి నడిచి నడిచి ఆమెకు రెండు నడకలూ ఒకటే అయిపోయాయి. ఆ ఉదయం అటూ ఇటూ చాలాసార్లు నడిపించాడట, ఏది ఉంచాడో ఆమెకే తెలియదు.

పోనీ పేరును బట్టి తేల్చుకుందామంటే, బావ నిఘంటువు వేరు. ఉల్టా తీసినదాన్ని ఒక్కోసారి 'సీదా' అనేవాడు, తిప్పాక అది సీదా అవుతుంది కాబట్టి. ఒక్కోసారి తిప్పినదాన్ని 'ఉల్టా' అనేవాడు, తిప్పాడు కాబట్టి. నేనే ఎన్నోసార్లు పోట్లాడాను. "రెండిట్ల ఏదో ఒకటి అను బావా." "నువ్వే అను. నాకు ఎర్కనే గద" అనేవాడు. ఆయనకు ఎరుకే. ఆయన లేడు, మాకెవరికీ ఎరుక లేదు.

పెద్దమ్మను అడిగాను. "నేనైతే ఎనుకకే నడిసిన బిడ్డా" అంది ఖాయంగా. కాసేపటికి, "కాదు కాదు, తిరిగి నడిసిన. ఎనుకకు నడిసింది గా గుమ్మడికాయాయన" అంది. వెళ్లేముందు మళ్లీ వచ్చి, "గుద్దుకున్నంక ఎవలెటు పోయినమో నాకే సమజ్ కాలే" అని ఒప్పుకుంది.

"రావా రావా అని పాట గద అక్కా. నువ్వు వచ్చినట్టే పెడ్దాం" అన్నాను నేను, టెస్టర్ తెలివితో.

"రమ్మనేది నేను గదరా. వచ్చేది అవతలాయన. నేనెందుకొస్త?" అంది అక్క.

"అట్లయితే పోయినట్టు పెడ్దాం. నా ఎంట రా అని ఇంట్లకు పిలుస్తున్నట్టు ఉంటది."

అక్క ఆ నల్లటి ఖాళీని వేలితో చూపించింది. "ఎన్నిసార్లు అడిగిన. ఆఖర్ల నేను వచ్చినట్టా, పోయినట్టా అని. పెట్టినంక సూస్తవ్ గద అనేటోడు" అంది. తర్వాత గట్టిగా, "మాసికానికి అందరొస్తరు. ఆయన ఆఖరి పాట అందరి ముంగట పెట్టాలె. కని ఆయనేమనుకున్నడో గదే ఉండాలె. నీ అందాజు వద్దు, నా అందాజు వద్దు. తెల్వకపోతే పాటనే వద్దు, తీసెయ్" అంది.

అక్క అన్నంత పనీ చేస్తుందని నాకు తెలుసు. ఆమె నోరు నొప్పెట్టేలా ఉల్టాగా నేర్చుకున్న పాట, ఆయన చివరిసారి కన్ను మూసి చూసిన పాట, ఒక్క దిక్కు తెలియక పోతుందేమోనని నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. పోయిన మనిషి మీద కోపం పెట్టుకోవడం తప్పో కాదో నాకు తెలియదు, వచ్చింది. ఒక్క మాట చెప్పి పోతే ఏం బావా?

మాసికం దగ్గరపడుతుంటే ఇంకో తంటా వచ్చింది. దండ వేయడానికి బావ ఫోటో లేదు. ఎప్పుడూ కెమెరా వెనకే ఉండే మనిషికి ఫోటోలెవరు తీస్తారు? ఆధార్ కార్డు ఫోటోను ఏఎస్ రావు నగర్‌లో పెద్దది చేయించుకొచ్చాను. అందులో ఆయన రెండు కళ్లూ తెరిచి, ఎవరో పోలీసు పట్టుకున్నట్టు చూస్తున్నాడు. అక్క దాన్ని గోడ వైపు తిప్పి పెట్టింది. "గీయన ఎవలో నాకు తెల్వది. కెమెరాల సూడు, ఎవలన్న సరదాకు తీసి ఉంటరు" అంది.

ఆ మధ్యాహ్నం బావ కెమెరాను బీరువాలోంచి తీశాం. కార్డు ఇంకా అందులోనే ఉంది. ఫోటో దొరకలేదు. కానీ ఆ ఆదివారం ఉదయం తీసి ఉంచిన ఆ ఒక్క షాట్, కంప్యూటర్లోకి ఎక్కించి శబ్దం తీసేయకముందుది, తీసింది తీసినట్టే అందులో ఉంది. మా కంప్యూటర్‌కు పెట్టి ఆడించాను.

మొదట అంతా గోల. దాని మీదుగా బావ గొంతు. ఇల్లంతా ఒక్కసారి నిండింది. నేను వెనక్కి తిరిగి సోఫా వైపు చూశాను, సిగ్గులేకుండా. "అందరు ఇనున్రి! గిప్పుడు ఉల్టా!" పెద్దమ్మ గొంతు, "ఉల్టా అంటే ఎటు నాయినా?" "ఉల్టా అంటే ఉల్టా, పెద్దమ్మా!" నాకు నవ్వొచ్చింది. అక్క నవ్వలేదు. కుర్చీ ముందుకు లాక్కుంది.

తెర మీద అక్క కెమెరాకు దగ్గరగా నిలబడి ఉంది. తర్వాత వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ఇంతకాలం శబ్దం లేకుండా చూసిన ఆ నడకలో ప్రతి అడుగు కింద ఆయన మాట ఉంది. "నా దిక్కే సూడు పిల్లా, ఎనుకకు సూడకు. ఎనుక నేన్ సూస్తున్న... జర ఎడమకు... నీ ఎడమ గాదు, నా ఎడమ... ఆఁ... గుంత ఉన్నది, పెద్ద అడుగెయ్యి... మంచిగున్నది... ఎనుక మనిషి వస్తున్నడు, ఆగు... పోయిండు, నడువు..." వెనక ఏముందో ఒక్కసారి కూడా చూడకుండా, ఆ గొంతు చెప్పినట్టల్లా అడుగులేస్తూ, కెమెరా వైపే చూస్తూ మా అక్క గల్లీ లోపలికి పోతోంది. జనం ఆమెకు అటూ ఇటూ అడ్డదిడ్డంగా నడుస్తున్నారు.

అక్కడెక్కడో, ముఖం చిన్నదయ్యాక, తెర మీది అక్క అరిచింది. "ఏమయ్యా, గిట్ల పోతనే ఉన్న గద! ఆఖర్ల నేను పోయినట్టేనా?"

బావ అరవలేదు. అది అక్కకు చెప్పిన మాటలా కూడా లేదు. ఒక కన్ను మూసుకుని, ఇంకో కన్ను కెమెరాకు ఆనించి, తనలో తాను అనుకున్నట్టు మెల్లగా అన్నాడు.

"ఇప్పుడైతే పో పిల్లా. పాటల వస్తవ్."

నేను గభాలున ఆపబోయాను, సమాధానం దొరికింది కదా అని. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపనీయలేదు. గల్లీ చివర, వేలెడంత ఉన్న మా అక్క ఆగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏందీ? ఇనవడ్తలే!" అని అరుస్తోంది.

"ఇనవడ్డదయ్యా" అంది నా పక్కన కూర్చున్న అక్క, పక్కగదిలో ఉన్న మనిషికి బదులిచ్చినంత మామూలుగా. తెర మీద ఆమె ఇంకా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఇటే చూస్తూ నిలబడి ఉంది.